అరణ్యమందిరములోని రాతి నెగడు

పుష్యమాఘ మాసములలో తెల్లవారుజామున మన పల్లెలకు పోయి చూచినచో వీధి మొగలయందును, కళ్లములయొద్దను చలిమంటలు కనబడును. ఎండుటాకులు, పుల్లలు, కంపలు పోగుచేసి నిప్పంటించి, నలుగురును చుట్టుచేరి చేతులు కాచుకొందురు. భోగినాడు ఊరంతయు అట్టి మంటచుట్టు మూగును. పూర్వము అడవిలో రాత్రి విడిసిన బాటసారులు నెగడు వేసికొని దానిచుట్టు పండుకొనెడివారు. అది చలిని పోగొట్టును, మృగములను దరిజేరనీయదు. నెగడుచుట్టు కూర్చున్నవారిలో ధనికుడు, పేద అను భేదము నిలువదు. చలి అందఱికిని ఒక్కటే. వెచ్చదనమును అందఱికిని ఒక్కటే.

మన చలిమంట ఆరుబయట పుట్టి ఆరుబయటనే ఆరిపోవును. మనది ఉష్ణదేశము, ఇంటిలోపల వంటకు తప్ప నిప్పుతో మనకు పని తక్కువ. కాని సంవత్సరములో సగము మంచు కప్పుకొనియుండు ప్రదేశములలో నెగడు ఇంటిలోనికి రాక తప్పలేదు. అచటివారు గోడలో గూడువలె కొంత చోటు విడిచి, అందు కట్టెలు మండింతురు. పొగ పోవుటకు పైకప్పు దాటువఱకు గొట్టము కట్టుదురు. దీనినే వారు ఫైర్‌ప్లేస్ అందురు. ఈ పాఠమున మనము దానిని నిప్పుగూడు అని పిలుచుకొందము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మహారణ్యముల నడుమ కట్టిన కొన్ని విడిదిభవనములు కలవు. వానిలోని నిప్పుగూళ్లు నగరములలోని వానివలె చలువరాతితో నునుపుగ కట్టినవి కావు. కొండపై దొరకిన మోటురాళ్లను ఉన్నవి ఉన్నట్లుగ పేర్చి కట్టినవి. వానిని చూచినవారు, ఇవి మనుష్యులు కట్టినవా, కొండయే ఇంటిలోనికి నడచివచ్చినదా అని అబ్బురపడుదురు. అట్టి రాతి నెగళ్లు ఎట్లు పుట్టెను? ఎవరు కట్టిరి? వానిని నిలుపుకొనుటకు తరువాతివారు ఎట్టి పాట్లు పడిరి? ఈ పాఠమున తెలిసికొందము.

1

న్యూయార్క్ నగరమునకు ఉత్తరమున, అదే పేరుగల రాష్ట్రములో ఆడిరాన్‌డాక్ అను కొండలు కలవు. అవి దట్టమైన అడవులతోను, లెక్కకుమించిన సరస్సులతోను నిండియున్నవి. 1861 మొదలు 1865 వఱకు ఆ దేశమున అంతర్యుద్ధము జరిగెను. అటుపిమ్మట కర్మాగారములు పెరిగెను. నగరములు జనముతోను పొగతోను క్రిక్కిరిసెను. వేసవి వచ్చినంతనే నగరవాసులు స్వచ్ఛమైన గాలికై ఆ కొండలకు పోవసాగిరి.

మొదట వారికి అచట మేడలు లేవు. అడవి దారులెఱిగిన స్థానికులు వారికి తోడువచ్చి, చెట్లబెరడుతోను దుంగలతోను ఏటవాలు పాకలు వేసెడివారు. ఆ పాకకు మూడువైపుల మఱుగుండును, నాలుగవవైపు తెఱచియుండును. ఆ తెఱపికి ఎదురుగ పెద్ద నెగడు వేసెడివారు. దాని వేడి పాకలోనికి ప్రసరించి పండుకొన్నవారిని రాత్రియంతయు కాపాడెడిది. అరణ్యభవనములలోని మహా నిప్పుగూళ్లకు పూర్వరూపము ఈ నెగడే.

1870 దశాబ్దము చివర విలియం వెస్ట్ డ్యురాంట్ అనునతడు రాకెట్ సరస్సు తీరమున పైన్ నాట్ అను విడిదిని కట్టింపసాగెను. అతని తండ్రి రైలుమార్గముల నిర్మాణములో ప్రసిద్ధికెక్కినవాడు. ధనమునకు కొదవలేదు. కాని అడవిలోనికి మంచి బాటలు లేవు. ఇటుకలు, కోసిన పలకలు, చెక్కినరాళ్లు పట్టణమునుండి తెప్పించుట మిక్కిలి కష్టము. అందుచేత డ్యురాంట్ అడవిని చూచెను. అచట దుంగలున్నవి, గుండ్రాళ్లున్నవి. అన్నిటికంటె ముఖ్యముగ, గొడ్డలిపట్టుటలో ఆరితేరిన మనుష్యులున్నారు. వారు బెరడు తీయని దుంగలతో గోడలు లేపిరి. వంకరకొమ్మలతో పిట్టగోడలు అల్లిరి. రాళ్లతో నిప్పుగూళ్లు కట్టిరి. మంచు జారిపోవుటకు వాలుకప్పును, వెడల్పైన చూరును వేసిరి. ఈ పద్ధతిలో కొంత స్విట్జర్లాండు కొండయిండ్లనుండి వచ్చినది.

అవసరమునుండి పుట్టిన ఈ పద్ధతి క్రమముగ ఒక సంప్రదాయమయ్యెను. ఉన్నచోట దొరకు వస్తువులతో, ఉన్నచోటి మనుష్యుల చేతిపనితో, ఉన్నచోటి వాతావరణమునకు తగినట్లు కట్టవలెననునదే దాని సారము.

2

ఆ సంప్రదాయము పడమటికి పోయి తన ఘనతను చాటుకొన్న స్థలము యెల్లోస్టోన్. 1872వ సంవత్సరము మార్చి 1వ తేదీన అధ్యక్షుడు గ్రాంటు సంతకముతో ఆ ప్రదేశము జాతీయోద్యానవనమయ్యెను. ప్రపంచమున మొదటి జాతీయోద్యానవనము ఇదియేయని సాధారణముగ చెప్పుదురు. అచట భూమి అడుగున నేటికిని మహాగ్ని దాగియున్నది. ఆ వేడిచేత నీరు మరిగి, ఆవిరితోకూడ ఆకాశమునకు చిమ్ముకొనును. అట్టి ఊటలలో ప్రసిద్ధమైనది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. ఇంచుమించు గంటన్నరకొకసారి అది నూఱడుగులకు మించిన ఎత్తునకు లేచును. మాట తప్పక లేచుటచేతనే దానికి, నమ్మదగిన వృద్ధుడని అర్థమువచ్చు ఆ పేరు కలిగెను.

ఈ వింత చూడ వచ్చువారికి విడిది కట్టవలసివచ్చినపుడు, రాబర్ట్ రీమర్ అను వాస్తుశిల్పికి ఆ పని అప్పగించిరి. అతనికప్పుడు ఇంచుమించు ముప్పది సంవత్సరముల ప్రాయము. 1903వ సంవత్సరము వేసవిలో పని మొదలయ్యెను. ఆ యేటి శీతకాలమంతయు, మంచు కురియుచున్నను, పనివారు పని మానలేదు. 1904వ సంవత్సరము జూన్ నాటికి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అను ఆ భవనము అతిథులకు తలుపు తెఱచెను. దుంగలు సమీపారణ్యములోనివి. రాళ్లు సమీపపు కొండలలోనివి. వంకరటింకరగ పెరిగిన కొమ్మలను ఏరితెచ్చి స్తంభములకు ఊతములుగను, మెట్లకు పిట్టగోడలుగను అమర్చిరి. ఇతరులు వంటచెఱకునకు తప్ప పనికిరావని పాఱవేయు కొమ్మలే అచట అలంకారములయ్యెను.

లోన అడుగిడినవాడు తల యెత్తి చూడక మానడు. ఆ నడుమసాల కప్పు నేలనుండి సుమారు 76 అడుగుల ఎత్తున నున్నది. చుట్టు అంతస్తులుగ వసారాలు. కప్పునకు దగ్గఱగ చెట్టుపై గూడువలె ఒక చిన్న వేదిక. తొలినాళ్లలో వాద్యగాండ్రు దానిపైకెక్కి సంగీతము వాయించుచుండ, క్రింద అతిథులు నాట్యమాడెడివారు.

ఆ సాలలో నిలిచియున్నది రాతి నెగడు. దాని ఎత్తు 85 అడుగులు. దానికి పట్టిన రాయి 500 టన్నులు. అది గోడకు ఆనుకొన్నది కాదు. నాలుగుప్రక్కల నుండియు మనుష్యులు చేరుటకు వీలుగ విడిగ నిలిచినది. నాలుగు ముఖములందు నాలుగు పెద్ద నిప్పుగూళ్లు, మూలలందు నాలుగు చిన్నవి, మొత్తము ఎనిమిది. దాని ముందుభాగమున రీమర్ రూపించిన పెద్ద ఇనుప గడియారమున్నది. దానిని కమ్మరి కొలిమిలో కాచి, సాగగొట్టి తయారుచేసిరి. సాయంకాలములయందు ఇనుపజల్లెడవంటి పెద్ద పాత్రలో మొక్కజొన్నగింజలు పోసి, ఆ మంటపై పేలాలు వేపి అతిథులకు పెట్టెడివారు.

ఆ రాయి రయొలైట్ అను జాతికి చెందినది. పూర్వయుగములందు ఆ నేలలోని అగ్ని కరగిన శిలాద్రవమై పైకి ప్రవహించి, చల్లారి, గట్టిపడి ఈ రాయి అయ్యెను. అనగా ఒకప్పుడు అగ్నినుండి పుట్టిన శిల, ఇప్పుడు అగ్నికి ఇల్లయినది.

3

నిప్పుగూడు పనిచేయు విధము తెలిసికొనదగినది. కట్టెలు మండినపుడు వాని చుట్టునున్న గాలి వేడెక్కి, వ్యాకోచించి, తేలికయగును. తేలికయైన గాలి పైకి లేచును. గొట్టము ఎంత ఎత్తయిన, లోపలి వేడిగాలికిని వెలుపలి చల్లగాలికిని బరువులో తేడా అంత పెరుగును. లాగుడు అంత బలపడును. పైకిపోయిన గాలి స్థానమును నింపుటకు గదిలోని గాలి మంటవైపు పరుగిడును. ఆ గాలి అందుటచేతనే మంట నిలుచును. పొగ గదిలోనికి రాక గొట్టములోనికి పోవును. ఈ లాగుడు కుదురుటకు గూటి ముఖము, గొంతు, గొట్టము ఈ మూడింటి కొలతలు ఒకదానికొకటి సరిపడియుండవలెను. ముఖము మిక్కిలి పెద్దదై గొట్టము చిన్నదయ్యెనా, ఇంటిలోనివారికి మిగులునది కన్నీరే.

రాయికి మఱియొక గుణమున్నది. అది మెల్లగ వేడెక్కి మెల్లగ చల్లారును. మంట ఆరిన పిమ్మటను వేడెక్కిన రాళ్లు చాలసేపు వెచ్చదనమును విడుచుచుండును. అయితే ప్రతి రాయియు నిప్పునకు తాళజాలదు. ఏటిలో నానిన రాయిని తెచ్చి మంటయొద్ద పెట్టినచో, దానిలోని నీరు ఆవిరియై రాయిని పగులగొట్టవచ్చును. అందుచేత తెలిసిన పనివారు మంట తగులు లోపలిభాగమున నిప్పునకు ఓర్చు ఇటుకలు పేర్చి, అందమైన మోటురాళ్లను వెలుపల అమర్చుదురు.

ఇంతగ చెప్పినను, ఒక నిజము ఒప్పుకొనవలెను. ఇల్లు వేడిచేయుటలో తెఱచియున్న నిప్పుగూడు అంత సమర్థమైనది కాదు. దాని వేడిలో పెద్దభాగము గొట్టమువెంట ఆకాశము పాలగును. రీమర్ ఈ సంగతి ఎఱుగనివాడు కాడు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ లో మొదటినుండియు గదులను వేడిచేయుటకు ఆవిరి గొట్టములున్నవి. విద్యుద్దీపములు కూడ ఉన్నవి. అట్లయిన 500 టన్నుల రాతితో ఈ నెగడు ఏల?

ఆవిరిగొట్టము గదిని వెచ్చచేయును గాని మనుష్యులను ఒకచోట చేర్చజాలదు. దూరదేశములనుండి వచ్చి, ఒకరినొకరు ఎఱుగనివారు, పగలంతయు వేర్వేరు దారుల తిరిగి, రాత్రి ఒక్క మంటచుట్టు కూర్చుందురు. చూచిన వింతలు చెప్పుకొందురు. పిల్లలు పేలాలకై చేయి చాతురు. ఆ కొంతసేపు వారందఱును ఒక్క ఇంటివారే. పాకముందరి నెగడు చేసిన పని ఇదియే. రీమర్ దానికి రాతి దేహమిచ్చి నిలువబెట్టెను.

4

మోటుగ కనబడు పని మోటుపని కాదు. ఈ సంగతి కాసెపనివారికి తెలిసినంతగ ఇతరులకు తెలియదు. 1916వ సంవత్సరమున అమెరికాలో జాతీయోద్యానవనముల శాఖ ఏర్పడినది. ఆ శాఖవారు 1930 దశాబ్దమున ఉద్యానవనములలో కట్టడములు ఎట్లుండవలెనో వివరించుచు గ్రంథములు ప్రకటించిరి. రాళ్లను ఒకే పరిమాణమున కోయరాదు; పెద్దవి అడుగున, చిన్నవి పైన ఉండవలెను; కొండలో ఏ పొర అడ్డముగ పండుకొనియున్నదో గోడలోను అది అట్లే పండుకొనవలెను; ఎండవానలకు మాగి, నాచుపట్టిన ముఖము వెలుపలికి రావలెను. ఈ నియమములకెల్ల ఒక్కటే మూలము: రాయి తన పుట్టినచోట ఎట్లున్నదో కట్టడమునందును అట్లే కనబడవలెను. ఒక్కొక్క రాయిని తిప్పి తిప్పి చూచి, దానికి తగిన తావు వెదకి పెట్టుటకు, చెక్కినరాళ్లు వరుసగ పేర్చుటకంటె ఎక్కువ ఓర్పు కావలెను.

మేరీ కోల్టర్ అను విదుషి ఈ విద్యలో అందెవేసిన చేయి. స్త్రీలు వాస్తుశిల్పమున మిక్కిలి అరుదుగనున్న కాలమున ఆమె రైలు కంపెనీ పక్షమున అనేక భవనములను రూపించెను. 1914వ సంవత్సరమున గ్రాండ్ కాన్యన్ అను మహాలోయ అంచున హెర్మిట్స్ రెస్ట్ అను విశ్రాంతిగృహము కట్టించెను. అది ఏకాంతవాసి యొకడు తన చేతులతో కట్టుకొన్న ఇంటివలె ఉండవలెనని ఆమె తలంపు. లోపల గుహవంటి రాతి కమాను క్రింద పెద్ద నిప్పుగూడు అమర్చి, రాళ్లకు మసి పూయించి, ఏండ్లతరబడి మంటలు చూచినదానివలె కనబడచేసెను. కొత్త ఇల్లు మసిబారియున్నదేమని రైలు ఉద్యోగులు పరిహసించిరనియు, ఇంత పాతదిగ కనబడచేయుటకు ఎంత వ్యయమైనదో మీరెఱుగరని ఆమె నవ్వుచు బదులు చెప్పెననియు ఒక కథ వాడుకలోనున్నది.

5

ఈ భవనములను మెచ్చుకొనునపుడు ఒక సంగతిని మఱువరాదు. వీనిని కట్టినవారు ఆ ప్రదేశములను మానవుడడుగిడని అడవులని తలచిరి. అది నిజము కాదు. యెల్లోస్టోన్‌లో అబ్సిడియన్ అను నల్లని గాజురాతి కొండ యొకటి కలదు. ఆ రాతితో ఆదివాసులు 11,000 సంవత్సరములకు పైగ ఆయుధములును పనిముట్లును చేసికొనుచు వచ్చిరి. షోషోనీ జాతిలోని టూకుడికా అనువారు ఆ కొండలలోనే కొండగొఱ్ఱెలను వేటాడుచు, దుంగలను శంకువువలె నిలిపి కట్టిన గుడిసెలలో కాపురముండిరి. ఉద్యానవనము ఏర్పడిన కొద్ది సంవత్సరములలోనే వారిని అచటినుండి తరలించి, ప్రత్యేకించిన భూములకు పంపిరి. కాలిఫోర్నియాలోని యోసెమిటి లోయలో 1927వ సంవత్సరమున కట్టిన అహ్వానీ అను మహాభవనము, ఆ లోయకు అచటి ఆదివాసులు పెట్టుకొన్న పేరునే ధరించినది. వారి పేరు అతిథిభవనమున నిలిచినది. వారి ఇండ్లు నిలువలేదు.

కావున, ఆ రాతి నెగడు వెలిగింపకమునుపే ఆ నేలపై వేలయేండ్లుగ వేఱు నెగళ్లు వెలుగుచుండెనని తెలిసికొనుట మన విధి. ఒకరి వెచ్చదనముకొఱకు మఱియొకరి పొయ్యి ఆర్పుట న్యాయముకాదు.

6

1929వ సంవత్సరమున అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యము మొదలయ్యెను. కర్మాగారములు మూతపడెను, లక్షలాది కుటుంబములు జీవనోపాధి కోల్పోయెను. ప్రభుత్వము పనిలేనివారికి పని కల్పించుటకై దేశమంతట నిర్మాణములు చేపట్టెను. వానిలో ఒకటి ఆరెగాన్ రాష్ట్రమున మౌంట్ హుడ్ అను హిమగిరిపై, సుమారు 6,000 అడుగుల ఎత్తున కట్టిన టింబర్‌లైన్ లాడ్జి. 1936వ సంవత్సరమున మొదలైన పని మఱుసటి యేడే ముగిసెను. 1937 సెప్టెంబరు 28వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దానిని ప్రారంభించెను.

ఆ భవనమునకు నడుమ ఆరుపలకల రాతి స్తంభమువలె పొగగొట్టము నిలిచియున్నది. దాని ఎత్తు 92 అడుగులు. అందు ఆరు నిప్పుగూళ్లు కలవు. కట్టెలు నిలుపు ఇనుపదిమ్మెలను పాత రైలుపట్టాలనుండి చేసిరి. పాఱవేసిన దేవదారు తీగస్తంభములపై అడవిమృగముల రూపములు చెక్కి, మెట్లప్రక్క నిలిపిరి. చిరిగిన కంబళ్లను, పాత దుస్తులను పీలికలుచేసి, తివాచీలు అల్లిరి. ఆ పనిలో పాల్గొన్న వడ్రంగులు, కమ్మరులు, కాసెవారు, నేతపని నేర్చుకొన్న స్త్రీలు అంతకుముందు పనికై వీథుల తిరిగినవారే. పనికిరాదని పాఱవేసిన వస్తువులతోను, పనిలేదని త్రోసివేయబడిన మనుష్యుల చేతులతోను కట్టినందుననే ఆ నెగడునకు అంత గౌరవము.

7

అయితే కట్టుట ఒక యెత్తు. కాపాడుట మఱియొక యెత్తు. రాయి శాశ్వతమని మనము తలంతుము. రాతి నెగళ్ల చరిత్ర అట్లు చెప్పదు.

1959వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీ రాత్రి 11 గంటల 37 నిమిషములకు యెల్లోస్టోన్ సమీపమున గొప్ప భూకంపము వచ్చెను. దాని పరిమాణము 7.3. కొండచరియలు విఱిగిపడి, ఉద్యానవనమునకు పడమట 28 మంది మరణించిరి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ దుంగలు కిఱ్ఱుమని ఊగి, మరల నిలిచెను. కొయ్యకు వంగు గుణము కలదు. రాతికి అది లేదు. భోజనశాలలోని రాతి పొగగొట్టము కూలి, కప్పును చీల్చుకొని లోపలపడెను. భోజనవేళ దాటిపోయినందున ప్రాణహాని కలుగలేదు. నడుమసాలలోని మహా నెగడును గట్టిదెబ్బ తినెను. లోపలిరాళ్లు సడలి గొట్టములలో పడినందున దాని నిప్పుగూళ్లలో చాలభాగము వాడుకకు పనికిరాకపోయెను. వాద్యగాండ్రు కూర్చుండిన ఎత్తైన వేదికపైకి సందర్శకులు ఎక్కుట ఆనాటితో ఆగిపోయెను. ఏ రాతి బరువును చూచి జనులు ముగ్ధులైరో, ఆ బరువే ఆ రాత్రి అపాయమైనది. 2004వ సంవత్సరము మొదలుకొని కొన్ని యేండ్లపాటు ఇంజనీర్లు ఆ భవనమును భూకంపమునకు ఓర్చునట్లు బలపఱచిరి. పాత రూపమును చెడగొట్టక బలమును లోపల దాచుట కొత్తది కట్టుటకంటె కఠినము.

భూకంపమునకు తరువాత అగ్ని. 1988వ సంవత్సరము వేసవిలో యెల్లోస్టోన్ అడవులు నెలలతరబడి మండెను. సెప్టెంబరు 7వ తేదీన మంటలు ఆ కొయ్యభవనముదాక వచ్చెను. నిప్పురవ్వలు వానవలె కురిసెను. అంతకు ఒక యేడు ముందే కప్పుపై నీరు చిమ్ము గొట్టములు అమర్చియుండిరి. అగ్నిమాపకదళములవారు తెగించి నిలిచిరి. గాలియు దిక్కు మార్చుకొనెను. భవనము బ్రతికెను.

అన్నిటికిని అట్టి అదృష్టము పట్టలేదు. మహాలోయ ఉత్తరపుటంచున 1928వ సంవత్సరమున వెలసిన గ్రాండ్ కాన్యన్ లాడ్జి 1932వ సంవత్సరమున కాలిపోయెను. మిగిలిన రాతికట్టుపై 1937 నాటికి దానిని మరల నిలిపిరి. 2025వ సంవత్సరము జూలై నెలలో దావాగ్ని వచ్చి దానిని మరల దహించెను. అహ్వానీ భవనమును రూపించినవారు ఇట్టి అగ్నిభయమును ముందే తలచి, వెలుపలి దూలములను కాంక్రీటుతో పోసి, కొయ్యవలె రంగువేయించిరి.

అపాయము ఎల్లపుడును వెలుపలినుండియే రాదు. 2024వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ రాత్రి టింబర్‌లైన్ లాడ్జి పైకప్పునకు నిప్పంటుకొనెను. లోపలి నిప్పుగూటినుండి గొట్టమువెంట పైకెగసిన రవ్వలే కారణమని అధికారులు భావించిరి. అగ్నిమాపకులు వేగముగ వచ్చినందున ఎవరికిని గాయములు కాలేదు. కొద్దిదినములలోనే భవనము మరల తెఱవబడెను. ఎన్నో సంవత్సరములుగ అతిథులకు వెచ్చదనమిచ్చిన నెగడే, ఒక్క రాత్రి ఇంటిని మింగబోయెను. నిప్పు మంచి సేవకుడే గాని, దానిని ఏమఱి విడిచి నిద్రపోగూడదు.

8

ఇన్ని ఆపదలు తెలిసియు, కాలిన ఇంటిలో, కూలిన రాతిలో, జనులు ఆ నెగళ్లను మరల నిలుపుకొనుచున్నారు. కావలసినంత వెచ్చదనము ఇచ్చుటకు యంత్రములున్నవి గదా, ఈ శ్రమ ఏలయని అడుగవచ్చును. రీమర్ నాడును యంత్రములుండెను. అతడు కట్టినది వేడికొఱకు మాత్రమే కాదు, కూడికకొఱకు. మంట ఒక్కరికి మాత్రము వెలిగినచో అది నిప్పు. నలుగురికి వెలిగినచో అది నెగడు.

ఈ చరిత్రవలన మనము గ్రహింపదగినవి కొన్ని కలవు. కట్టదలచినవాడు మొదట తన చుట్టునున్న నేలను చూడవలెను. అచట దొరకు రాయిని, కొయ్యను, అచటివారి నేర్పును గౌరవింపవలెను. తనకంటె ముందు ఆ నేలపై పొయ్యి వెలిగించినవారిని మఱువరాదు. కట్టినపిమ్మట, ఇది రాయి, దీనికేమియని నిశ్చింతగ నుండరాదు. కప్పుపై ముందుచూపుతో నీటిగొట్టము అమర్చినవాని పేరు ఏ రాతిపైనను చెక్కబడదు. గొట్టములోని మసిని తీసి శుభ్రపఱచువానిని ఏ అతిథియు ఎఱుగడు. సడలిన రాతిని గుర్తించి సరిచేసిన కాసెవానిని ఎవరును తలపరు. అయినను ఈ మహాభవనములు నేటికి నిలిచియున్నవనిన, కట్టించిన ఘనులకు ఎంత ఋణపడియున్నవో, పేరు తెలియని ఈ కాపరులకును అంత ఋణపడియున్నవి.

ప్రశ్నలు

1. ఆడిరాన్‌డాక్ కొండలలోని పాకలముందరి నెగడునకును, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ లోని రాతి నెగడునకును గల సంబంధమేమి?
2. భవనమును వేడిచేయుటకు ఆవిరిగొట్టములుండగ రీమర్ రాతి నెగడును ఏల కట్టించెను?
3. నిప్పుగూటిలోని పొగ గొట్టములోనికి పోవు విధమును మీ మాటలలో వ్రాయుడు.
4. టింబర్‌లైన్ లాడ్జి నిర్మాణమున పాఱవేసిన వస్తువులు ఎట్లు ఉపయోగపడెను?
5. "కట్టుట ఒక యెత్తు, కాపాడుట మఱియొక యెత్తు." ఈ వాక్యమును పాఠములోని సంఘటనలతో సమర్థింపుడు. మీ ఊరిలో ఇట్లు కాపాడదగిన కట్టడమొకదానిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.